మారథాన్ సాధనలో దీర్ఘధావనము - అర్ధశక్తి నియమము

శరీరమునకు ఆయాసమును కలిగించు కర్మయే వ్యాయామమని వాగ్భటాచార్యుడు నిర్వచించెను. శరీరము తేలికపడుట, పనులయందు సామర్థ్యము, జఠరాగ్ని దీప్తి, మేదస్సు తగ్గుట దాని ఫలములు. అయితే బలవంతుడును, స్నిగ్ధాహారము భుజించువాడును సైతము తన శక్తిలో సగమువరకే, అదియు శీతకాలమునందును వసంతమునందును మాత్రమే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో స్వల్పముగా చేయవలెననియు ఆయనయే విధించెను. ఇప్పుడు మన ఇండ్లలోని యువతీయువకులు, నలుబది దాటిన ఉద్యోగులు కూడ 42.195 కిలోమీటర్ల మారథాన్ పరుగునకు సిద్ధమగుచున్నారు. ఆదివారము తెల్లవారుజామున బయలుదేరి 25, 30 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చుచున్నారు. ఇది అర్ధశక్తియా, అతివ్యాయామమా అని ఇంటివారు నన్ను అడుగుచుందురు. అడుగదగిన ప్రశ్నయే.

మారథాన్ సాధన సాధారణముగా 16 నుండి 20 వారములు సాగును. వారమున కొకమారు చేయు దీర్ఘధావనము 10, 12 కిలోమీటర్లతో మొదలై, క్రమముగా పెరిగి, పందెమునకు మూడు వారములకు ముందు 30 కిలోమీటర్ల వరకు చేరును. మూడు నాలుగు వారముల కొకసారి దూరమును తగ్గించి శరీరమునకు విశ్రాంతి నిత్తురు. దీని ప్రయోజనమేమి? మన కండరములలోను కాలేయములోను గ్లైకోజన్ అను పేర నిలువయుండు చక్కెర సుమారు 400 నుండి 500 గ్రాములు. అనగా రమారమి 2000 కేలరీలు. పరుగునకు కిలో శరీరభారమునకు, కిలోమీటరు దూరమునకు సుమారు ఒక కేలరీ ఖర్చగును. 65 కిలోల మనిషి 30 కిలోమీటర్లు పరుగెత్తునప్పటికి 1950 కేలరీలు వ్యయమగును. వేగముగా పరుగెత్తినచో నిలువ చక్కెరయే ముఖ్యముగా ఖర్చై, ఆ దూరమునకు కొట్టు ఖాళీయగును. కాళ్ళు బరువెక్కి, బుద్ధి మందగించును. నెమ్మదిగా పరుగెత్తువానిలో కొవ్వు ఎక్కువ పాలు కరగి, చక్కెర మిగులును. వారము వారము శరీరమునకు ఈ అలవాటు నేర్పుటయే దీర్ఘధావనము. కావున పందెమున ఉద్దేశించిన వేగముకంటె కిలోమీటరునకు ఒక నిమిషమైనను ఆలస్యముగా దీనిని సాగింపవలెను. తోటివారిని దాటవలెనను పట్టుదల ఇచ్చట పనికిరాదు.

ఇక అర్ధశక్తికి గుర్తు. హృదయస్థానమందలి వాయువు నోటికి వచ్చుట, అనగా ముక్కుతో శ్వాస చాలక నోటితో రొప్పుట, సగము బలము వ్యయమైనదనుటకు లక్షణమని సుశ్రుతుడు చెప్పెను. నుదుట, చంకలలో చెమట పట్టుట, నోరు ఎండుట అను గుర్తులు కూడ వాడుకలో నున్నవి. కాని విజయవాడ, విశాఖపట్టణము వంటి ఉక్క ప్రదేశములలో చెప్పులు తొడుగుకొనునప్పటికే చెమట పట్టును; అందుచేత శ్వాసనే నమ్ముట మేలు. ప్రక్కవానితో పూర్తి వాక్యము తడబడక పలుకగలిగినంతవరకు పరుగు అర్ధశక్తిలోనిదే. మాట తెగినచో నడువవలెను. నడచుట అవమానము కాదు. శ్రమవలన కలిగిన రొప్పును బలవంతముగా బిగబట్టుట ధరింపరాని వేగములలో ఒకటనియు, దానివలన గుల్మము, హృద్రోగము, మోహము కలుగుననియు శాస్త్రము. సాధనవలన బలము పెరిగినకొలది దానిలో సగమును పెరుగును. మే నెలలో 8 కిలోమీటర్లకు రొప్పినవాడు ఆగస్టునకు 25 కిలోమీటర్లు మాటలాడుచు పోగలుగుట ఇట్లే. ఈ క్రమమును దాటినవాడు ఏనుగును ఈడ్చిన సింహమువలె నశించునని వాగ్భటుని ఉపమానము.

మన ప్రాంతమున ఋతువు వేరొక చిక్కు. హైదరాబాదు మారథాన్ ఆగస్టు నెలాఖరున జరుగుచున్నది. దానికి సాధనయంతయు జ్యేష్ఠము మొదలు శ్రావణమువరకు, అనగా వ్యాయామమును వర్జింపుమని చరకుడు చెప్పిన గ్రీష్మ వర్షర్తువులలోనే పడును. గాలిలో తేమ అధికమైనప్పుడు చెమట ఆరదు. ఆరని చెమట శరీరమును చల్లబరుపదు. జనవరిలో జరుగు ముంబయి మారథాన్‌కు సిద్ధమగువారు అవే దూరములను కార్తిక మార్గశిరముల చలిలో పరుగెత్తుదురు. తొలిసారి పూనుకొనువారు శీతకాలపు పందెమునే ఎన్నుకొనవలెనని నా దృఢాభిప్రాయము. వేసవిలో తప్పనిచో నాలుగున్నర గంటలకే బయలుదేరి, ఎండ ఎక్కకమునుపే, దూరము పూర్తికాకున్నను, ఇల్లు చేరవలెను.

నీటి విషయమున మన ఇండ్లలో ఒక భ్రమ బలముగా నున్నది. ఎంత త్రాగిన అంత మంచిదని. నా యొద్దకు వచ్చు ఒక బ్యాంకు ఉద్యోగి 28 కిలోమీటర్లు పరుగెత్తుచు కిలోమీటరు కొకసారి నీరు త్రాగెను. ఇల్లు చేరగానే తలనొప్పి, వాంతులు. వ్రేలి ఉంగరము బిగిసిపోయెను. శోషయని తలచి భార్య మరి రెండు చెంబుల నీరు త్రాగించెను. మాట తడబడగా ఆసుపత్రికి తీసికొనిపోయిరి. రక్తములో సోడియం మిక్కిలి పడిపోయినదని తేలెను. సకాలమున చికిత్స జరిగినది గనుక బ్రతికెను. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షింపగా నూటికి 13 మందిలో సోడియం తగ్గియుండెనని 2005లో ప్రకటించిరి. పరుగులో శరీరభారము పెరిగినవారికే ఆ ముప్పు హెచ్చు. కావున దప్పికయైనప్పుడే త్రాగవలెను. పరుగునకు ముందును వెనుకను బరువు చూచుకొనుడు. 60 కిలోలవాడు ఒక కిలో తగ్గివచ్చిన భయము లేదు. పెరిగివచ్చెనా, నీరు మితిమీరినదని అర్థము. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, లేదా లీటరు నీటిలో కలిపిన ఓ.ఆర్.ఎస్. పొట్లము ఉత్తమము. కొబ్బరినీటిలో సోడియం తక్కువ, దానినొక్కదానినే నమ్మరాదు.

ఒళ్ళు కాలిపోవుచు మాట తప్పుచున్నచో అది వడదెబ్బ. అచ్చటనే దేహమంతయు చన్నీటితో తడిపి, విసరుచు, ఆసుపత్రికి తరలింపవలెను. రొమ్మునొప్పి, స్పృహ తప్పుట, మూత్రము పాలులేని కాఫీవలె నల్లబడుట - ఇవి గృహవైద్యమునకు లొంగునవి కావు. నొప్పిమాత్ర వేసికొని పరుగెత్తుట మూత్రపిండములకు హాని. నలుబది దాటినవారు, రక్తపోటు, మధుమేహము గలవారు సాధనకు ముందే గుండె పరీక్ష చేయించుకొనవలెను. జ్వరము, అజీర్ణము ఉన్ననాడు పరుగు మానవలెను.

శ్రమను హరించు ద్రవ్యములుగా చరకుడు పదింటిని పేర్కొనెను: ద్రాక్ష, ఖర్జూరము, సారపప్పు, రేగు, దానిమ్మ, మేడి, పుట్టికి, చెరకు, యవలు, షష్టిక ధాన్యము. గమనింపుడు, వీనిలో ఖరీదైన భస్మము గాని లేహ్యము గాని లేదు. చాలవరకు తీపి పండ్లు, ధాన్యములే. పైన చెప్పిన చక్కెర కొట్టును నింపునవే. గంటన్నర దాటు పరుగులో అరగంట కొకసారి రెండు మూడు గింజ తీసిన ఖర్జూరములు నములవచ్చును. ఇంటికి వచ్చిన అరగంటలో యవల జావ గాని, పెసరపప్పుతో వండిన పలుచని పులగము నేతితో గాని పుచ్చుకొనవలెను. మధుమేహులు తమ వైద్యుని అడిగి పరిమాణము నిర్ణయించుకొనవలెను.

ఒడలు చల్లారిన పిమ్మట, సాయంకాలము గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలు, తొడలు, పాదములు మృదువుగా మర్దించి వేడినీటి స్నానము చేయవలెను. వాచిన కీలుపై మర్దనము కూడదు. మరునాడు పరుగు మాని, అరగంట నడక చాలును. మెట్లు దిగునప్పుడు కలుగు కండరముల నొప్పి రెండు మూడు దినములలో తగ్గును. ఎముకపై ఒకేచోట వ్రేలితో నొక్కిన కలుగు నొప్పి వారము దాటినను తగ్గనిచో ఎముకల వైద్యునికి చూపవలెను.