ఏ పెరుగు పథ్యం?

చాలాకాలం క్రితం అతిసారం తగ్గుముఖం పట్టిన ఒక పెద్దావిడకు పెరుగన్నం పథ్యంగా చెప్పాను. రెండు రోజులకే ఆమె గొంతు మంటతో, పుల్లని త్రేన్పులతో తిరిగి వచ్చారు. “ఏ పెరుగు తిన్నారమ్మా?” అని అడిగాను. “ఫ్రిజ్‌లో నాలుగు రోజుల నాటిది ఉందండీ, పారబోయడమెందుకని...” అన్నారు. తప్పు ఆమెది కాదు, ఏ పెరుగో చెప్పని నాది. గురుకులంలో గురువుగారు వల్లె వేయించిన పాఠాన్ని పథ్యం చెప్పే వేళ మరచినాను. పాఠకులకు ఆ పాఠమే నేడు వివరిస్తున్నాను.

ఐదు పెరుగులు

భావమిశ్రుడు ‘భావప్రకాశం’లో పెరుగును ఐదు విధాలుగా విభజించినాడు. పూర్తిగా తోడుకొనక, రుచి తేలక, పాలవలెనే ఉన్నది మందం. గట్టిగా తోడుకొని, తియ్యగా ఉండి, పులుపు బయటపడనిది స్వాదు. తీపి పులుపులు కలిసి, కొద్దిగా వగరు తోచేది స్వాద్వమ్లం. తీపి మరుగై పులుపు తేలినది అమ్లం. పళ్ళు పులిసి, ఒళ్ళు గగుర్పొడిచి, గొంతు మండించేది అత్యమ్లం. మందం మూడు దోషాలనూ ప్రకోపింపజేస్తుందనీ, అత్యమ్లం రక్తాన్ని, వాతాన్ని, పిత్తాన్ని దూషిస్తుందనీ శాస్త్రవచనం.

రసాయనశాల చూపేది

పాలలో లాక్టోస్ అనే చక్కెర నూటికి సుమారు 4.5 నుండి 5 పాళ్ళు ఉంటుంది. తోడులోని సూక్ష్మజీవులు దానిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ ఆమ్లాన్ని 1780లో స్వీడన్ రసాయనవేత్త షీలే పులిసిన పాల నుండి వేరుచేసినాడు. పాల పి.హెచ్. సుమారు 6.6. అది 4.6 దరిదాపులకు దిగేసరికి కేసిన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది.

సూక్ష్మజీవులు ఆహారాన్ని మార్చి విడిచే చిన్న అణువులను మెటబొలైట్లు అంటారు. తోడు వేసినది మొదలు వేళకొక నమూనా తీసి, ఎన్.ఎం.ఆర్. యంత్రంతోగాని, క్రొమటోగ్రఫీకి జోడించిన మాస్ స్పెక్ట్రోమెట్రీతోగాని పరీక్షిస్తే చక్కెరలు, ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు, సువాసన ద్రవ్యాలు ఏ దశలో ఎంతున్నవో తెలుస్తుంది.

బజారు యోగర్ట్‌లో రెండు జీవులు ముఖ్యం. లాక్టోబాసిల్లస్ బల్గారికస్ మాంసకృత్తులను తుంచి, స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్‌కు అమైనో ఆమ్లాలు అందిస్తుంది. బదులుగా ఆ రెండవది ఫార్మిక్ ఆమ్లమిచ్చి మొదటిదాన్ని పెంచుతుంది. యోగర్ట్‌కు ప్రత్యేకమైన పరిమళం ఎసిటాల్డిహైడ్ వల్ల కలుగుతుంది. మన ఇంటి తోడులో లాక్టోకోకస్ వంటి ఇతర జీవులూ ఉంటాయి. కమ్మని పెరుగులోని వెన్నవాసన డైఎసిటైల్‌ది.

రెండింటినీ పక్కపక్కన పెడితే

మందంలో లాక్టోస్ చాలావరకు మిగిలి ఉంటుంది, చెడు జీవులను అణచేంత ఆమ్లం ఇంకా చేరదు. స్వాదు, స్వాద్వమ్లాలలో ఆమ్లం, పరిమళం పొందికగా ఉంటాయి. ఆపై ఆమ్లం పెరుగుతూ పోతుంది. మాంసకృత్తులు మితిమీరి తెగితే పెప్టైడ్ల వల్ల చేదు కూడా వస్తుంది. ఫ్రిజ్ ఈ పులియడాన్ని మందగింపజేస్తుంది, కాని ఆపదు. ఆ పెద్దావిడ గిన్నెలో జరిగినది ఇదే. అయితే యంత్రం ఆమ్లాన్ని కొలుస్తుందిగాని దోషాన్ని కొలవదు. రెండు శాస్త్రాలూ ఒకటేనని నేననను. పెరుగు గుణం దాని దశను బట్టి మారుతుందన్న విషయంలో మాత్రం రెండూ కలుస్తున్నవి.

గృహిణులకు సూచనలు

1. పాలు బాగా మరగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయాలి. మరీ వేడిపాలలో తోడులోని జీవులు నశిస్తాయి.

2. తోడుకు తాజా, కమ్మని పెరుగునే వాడాలి.

3. గిన్నె కదపరాదు. వేసవిలో త్వరగా, చలికాలంలో ఆలస్యంగా తోడుకొంటుంది. తోడుకోగానే చల్లనిచోటికి మార్చాలి.

4. పథ్యానికి ఆనాటి పెరుగే శ్రేష్ఠం. పులిసినదాన్ని ఆరోగ్యవంతులకు మజ్జిగ పులుసు చేయవచ్చు. బూజు, నురుగు, చేదు, దుర్వాసన ఉంటే పారబోయాలి.

5. రాత్రివేళ పెరుగు తినరాదని చరకుడు చెప్పినాడు.

విరేచనాలు ఆగకున్నా, రక్తం పడినా, నీరసించినా పథ్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడాలి.

నేటికీ పెరుగన్నం పథ్యం చెప్పిన ప్రతిసారీ, “తోడు పెట్టి ఎంతసేపైనదమ్మా?” అని అడిగిన తరువాతే రోగిని ఇంటికి పంపుతున్నాను.