కోడలు విజిటర్ వీసాపై జర్మనీ వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బ్లూ కార్డుతో జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్యే పెళ్లి చేశాం. కోడల్ని ముందు విజిటర్ వీసాపై పంపి, అక్కడే రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. షెంగెన్ విజిటర్ వీసా 180 రోజుల్లో 90 రోజుల బసకే. స్థిరంగా ఉండదలచినవారు అందుకు తగిన వీసాతోనే రావాలని జర్మనీ నివాస చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. అక్కడికెళ్లాక పర్మిట్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారుగా అంటారేమో. మినహాయింపు ఇచ్చే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది, నిజమే. కానీ అది అధికారుల విచక్షణ, మీ హక్కు కాదు. వాళ్లు కాదంటే అమ్మాయి తిరిగొచ్చి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పైగా విజిటర్ వీసా అడిగేటప్పుడు గడువులోగా తిరిగొస్తామని చెప్పాలి. మనసులో ఒకటి పెట్టుకుని కాగితం మీద మరొకటి రాస్తే తర్వాతి దరఖాస్తులకూ చేటు.

మీ కోడలికి తగినది ఫ్యామిలీ రీయూనియన్ వీసా. దానికి నెలలు పట్టవచ్చు, కొత్త జంటకు ఆ ఎడబాటు కష్టమే. అయితే అబ్బాయిది బ్లూ కార్డు కాబట్టి మీ కోడలికి జర్మన్ ఏ1 పరీక్ష అక్కర్లేదు, వెళ్లాక ఉద్యోగమూ చేసుకోవచ్చు. ఇవాళే పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను ఇద్దరి పాస్‌పోర్టుల పక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరొకదాంట్లో పూర్తిగా ఉంటే వీసా అపాయింట్‌మెంట్‌కు ముందే సరిచేయించండి.