కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు?

బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం పూర్తిచేసి ఎయిమ్స్ నార్సెట్‌కో, అమెరికా ఉద్యోగం కోసం ఎన్‌క్లెక్స్‌కో చదివేవాళ్లలో చాలామంది మోతాదు లెక్కలను చివరికి నెట్టేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. గుణకారం, భాగహారం వస్తే చాలు ఈ లెక్కలు వస్తాయి. తప్పు దొర్లేది ఎక్కువగా యూనిట్ల దగ్గరే.

ఎన్‌క్లెక్స్ తరహా ప్రశ్న చూడండి. పాప బరువు 33 పౌండ్లు. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక డోసు ఇవ్వాలి. సిరప్ సీసా మీద 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములని ఉంది. మన వార్డుల్లో బరువు కిలోల్లోనే రాస్తాం కాబట్టి, అలవాటుగా 33ను 15తో హెచ్చవేసేస్తాం. 495 మిల్లీగ్రాములు వస్తుంది. కానీ కిలో అంటే సుమారు 2.2 పౌండ్లు. 33ను 2.2తో భాగిస్తే పాప బరువు 15 కిలోలే. కావలసింది 225 మిల్లీగ్రాములు, అంటే 9 మిల్లీలీటర్లు. తప్పు లెక్కతో పోస్తే దాదాపు 20 మిల్లీలీటర్లు! పారాసెటమాల్ మోతాదు మించితే దెబ్బతినేది కాలేయం. ఇదే మందు 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాముల సీసాలోనూ దొరుకుతుంది. అప్పుడు 4.5 మిల్లీలీటర్లు చాలు. అందుకే ఫార్మసీ కౌంటర్‌లో ఉన్నవాళ్లు కూడా ‘రెండు చెంచాలు పట్టించండి’ అనే ముందు లేబుల్ చదవాలి.

ఐసీయూలో చేరాలనుకునేవాళ్లు డోపమిన్ లెక్క బాగా సాధన చేయండి. రోగి 60 కిలోలు, నిమిషానికి కిలోకు 5 మైక్రోగ్రాములు అని ఆర్డర్. నిమిషానికి 300 మైక్రోగ్రాములు. సిరంజి పంపుకు గంట లెక్క కావాలి కనుక మళ్లీ 60తో హెచ్చవేస్తే 18,000 మైక్రోగ్రాములు, అంటే 18 మిల్లీగ్రాములు. 50 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాములు కలిపితే మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు. పంపు వేగం గంటకు 4.5 మిల్లీలీటర్లు. ఇందులో 60 రెండుసార్లు వచ్చింది: ఒకటి కిలోలు, ఇంకోటి నిమిషాలు. పక్కన యూనిట్ రాయకపోతే ఏదో ఒకటి జారిపోతుంది. ప్రతి అంకె పక్కనా యూనిట్ రాసి కొట్టేస్తూ రండి; చివర ‘గంటకు మిల్లీలీటర్లు’ మిగలకపోతే మెట్టు తప్పినట్టే.

ఇన్సులిన్, హెపారిన్ లాంటి వాటికి ఇంకో నర్సుతో సరిచూపించుకోవాలి. అప్పుడు మీ జవాబు చూపించి ‘సరిపోయిందా సిస్టర్?’ అనకండి. ఆర్డరు, మందు సీసా చేతికిచ్చి, ఆమె లెక్క ఆమెనే వేయనివ్వండి.