బొంత కుట్టిన చేయి

తార్నాక కూడలి నుండి ఉప్పల్ వైపు సాగితే తగిలే పేట హబ్సిగూడ. 'హబ్షీ' అన్న మాటకు అబిసీనియా దేశస్థుడని అర్థం. నిజాముల కొలువులో సైనికులుగా పనిచేసిన ఆఫ్రికా సంతతివారిని బట్టి ఈ పేటకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. నగరంలోనే ఉన్న ఏ.సి. గార్డ్స్ పేరు కూడా ఆ ఆఫ్రికా అశ్వికదళానిదే. ఆ సైనికులకు తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు లేకపోలేదు. అయినా పేటల పేర్లలో నిలిచినది వారి కత్తులే గాని వీరి గొంతులు కావు.

మన కావ్యాలలో నలుపు నిందార్థకం కాదు. ద్రౌపదికి 'కృష్ణ' అన్న పేరు ఆమె మేనిచాయను బట్టి వచ్చింది. రాముడు నీలమేఘశ్యాముడు. పోతన గోపికలు తోటలోని చెట్లనూ తీగెలనూ అడిగి వెదకినది నల్లనయ్యనే. దేవతలకు అలంకారమైన ఈ వర్ణం మానవకాంతకు లోపంగా ఎట్లా మారిందన్నది ఆలోచించదగిన విషయం. పెళ్లి మాటలలో వినిపించే 'చామనచాయ' శ్యామశబ్దం నుండి పుట్టినదే. కాని ఆ మాటను నేడు ప్రశంసగా ఎవరూ వాడరు, క్షమాపణగా వాడుతారు. నలుపుతో పాటు కులం, ఎండలో చేసే కూలిపని కూడా కలిస్తే ఆ స్త్రీకి అద్దంలో తన ముఖం చూసుకోవడమే ఒక పరీక్ష అవుతుంది.

తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఈ ప్రశ్నకు సంబంధించిన కృషి కొంత జరిగింది. 1985లో ఏర్పడిన 'అన్వేషి' స్త్రీల పరిశోధన కేంద్రం చాలాకాలం ఆ ప్రాంగణం నుండే పనిచేసింది. దాని స్థాపనలో పాలుపంచుకొన్న సూజీ తారూ, కె. లలిత భారతీయ స్త్రీల రచనలను రెండు సంపుటాలుగా కూర్చారు. అవి 1991, 1993 సంవత్సరాలలో వెలువడ్డాయి. తరువాత అన్వేషిలో పరిశోధకురాలిగా పనిచేసిన గోగు శ్యామల 1921 నుండి 2002 వరకు తెలుగులో దళిత స్త్రీలు చేసిన రచనలను సేకరించి 2003లో 'నల్లపొద్దు' అన్న సంకలనాన్ని ప్రకటించారు. పొద్దు అంటే సూర్యుడు. మన కవులు ఉదయసూర్యుని మంకెనపూవుతో, కుంకుమతో పోల్చారు గాని నల్లనివాడని అనలేదు. ఇంత సాహసవంతమైన విశేషణం ఆధునిక తెలుగు గ్రంథనామాలలో అరుదు.

అక్షరం దక్కని కాలంలో వీరి అవ్వల సృజనశక్తి ఏమై ఉంటుంది? అమెరికాలోని నల్లజాతి స్త్రీల విషయంలో రచయిత్రి ఆలిస్ వాకర్ 1974లో ఇదే ప్రశ్న వేశారు. అక్కడి దక్షిణాది రాష్ట్రాలలో బానిసలకు చదువు చెప్పడం చట్టరీత్యా నేరంగా ఉన్న రోజులుండేవి. ఆ తల్లులు తమ కళను పూలతోటలలోను, కుట్టిన బొంతలలోను దాచుకొన్నారని ఆమె సమాధానం. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. బానిసల సంతతివారైన అక్కడి స్త్రీలు చిరిగిన పనిబట్టలతో తరతరాలుగా బొంతలు కుట్టారు. 2002లో ఆ బొంతలను పెద్ద మ్యూజియాలలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. చలికి కప్పుకొన్న గుడ్డ చిత్రకళగా లెక్కకు వచ్చింది.

మన పల్లెలలోనూ పొలం పనికి ఓపిక తగ్గిన ముసలమ్మల చేతికి సూది వచ్చేది. పాత చీరలు పొరలుగా పరచి, అంచులు ఎక్కడ రావాలో, ఏ రంగు పక్కన ఏ రంగు ఒప్పుతుందో చూసుకొని బొంత కుట్టేవారు. దీనిని మరీ కవితాత్మకంగా చెప్పుకోవడం తగదు. కంబళి కొనే శక్తి లేకనే బొంత పుట్టింది. అయినా చలికి ఏ రంగైనా ఒకటే. అంచులు కలిపి చూసుకొన్నది ఆమె తన కంటికోసమే.

తనను తాను ప్రేమించుకోవడం అన్న మాట తెలుగు చెవికి కొంత ఎబ్బెట్టుగా తోస్తుంది. తనను మరచిన తల్లినే మనం పొగడుతూ వచ్చాము. నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ (1934–1992) క్యాన్సర్‌తో పోరాడుతూ, 1988లో వెలువడిన గ్రంథంలో దీనికి భిన్నమైన వాదం చేశారు. తన బ్రతుకును కోరని సమాజంలో మనిషి తన్ను తాను కాపాడుకోవడం విలాసం కాదని, అది కూడా పోరాటమేనని ఆమె భావం.

ఈ భావానికి మన నేలమీద నిలువెత్తు ఉదాహరణ టి.ఎన్. సదాలక్ష్మి. ఆమె 1928లో సికింద్రాబాదు ప్రాంతంలో, పాకీపని కులవృత్తిగా అంటగట్టబడిన మెహతర్ కుటుంబంలో జన్మించారు. చదువుకొని, శాసనసభకు ఎన్నికై, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. గుడి వాకిట అడుగు పెట్టనివ్వని కులంలో పుట్టిన స్త్రీ గుళ్ల వ్యవహారాలకు అధికారిణి కావడం చిన్న సంగతి కాదు. 1969లో ఉస్మానియా విద్యార్థులు ముందు నిలిచిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఆమె కూడా వీధిలోకి వచ్చారు.

పదవులు పోయిన తరువాత చాలామంది నాయకులు జ్ఞాపకాలతో కాలక్షేపం చేస్తారు. సదాలక్ష్మి అట్లా కూర్చోలేదు. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యేనాటికి ఆమెకు అరవై అయిదేళ్లు దాటాయి. ఎస్సీ రిజర్వేషన్లను వర్గీకరించాలని కోరిన ఆ ఉద్యమానికి ఆమె బాహాటంగా అండగా నిలిచారు. తన కొడుకుల, మనుమల ఈడు యువకులతో కలిసి పనిచేశారు.

ఆమె జీవితకథను గోగు శ్యామల గ్రంథస్థం చేయగా 2011లో 'నేనే బలాన్ని' అన్న పేరుతో వెలువడింది. ఈ పేరును విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. చివరనున్న 'ని' ద్వితీయా విభక్తి కాదు. 'నేను విద్యార్థిని', 'నేను కవిని' అన్నప్పుడు ఉత్తమపురుషలో వచ్చే 'ని' అది. బలాన్ని ఎవరి నుండో తెచ్చుకొన్నానని కాదు. ఆ బలం నేనేనని అర్థం.

సదాలక్ష్మి 2004 జూలైలో కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని ప్రకటించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ దానిని అమలులోకి తెచ్చింది. అప్పటికి ఆమె మరణించి ఇరవై ఏళ్లు దాటింది.