‘బాగా చెప్పారు’ తరువాతి వాక్యం

గ్రూప్ ప్రజెంటేషన్లు అయిపోతాయి. ప్రొజెక్టర్ ఆగుతుంది. చప్పట్లు సద్దుమణిగాక మేడం గారు, “ఎల్లుండికి ప్రతి ఒక్కరూ రెండు పేజీల రిఫ్లెక్షన్ రాసి తేవాలి” అంటారు. ఎల్లుండికి చేరే కాగితాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. “మొదటి గ్రూప్ వాళ్లు బాగా చెప్పారు. స్లైడ్లు బాగున్నాయి. రెండో గ్రూప్ వాళ్లు ఇంకొంచెం గట్టిగా మాట్లాడాల్సింది. సంస్కృతుల మధ్య సంభాషణ చాలా ముఖ్యమని తెలుసుకున్నాను.”

ఇలా రాసిన పిల్లలను తప్పుపట్టలేం. రిఫ్లెక్షన్ ఎలా చేస్తారో ఎవరూ పక్కన కూర్చుని చూపించకపోతే ఎవరైనా ఇలాగే రాస్తారు. తోటివాళ్లకు మార్కులు వేసే పని టీచరుది. వాళ్ల మాటలు విన్నాక మన లోపల ఏ నమ్మకం కదిలిందో వెతికి పట్టుకుని, అది ఎందుకు కదిలిందో రాయడం మన పని. ఈ పనికి ఒక వరుస ఉంది. నేర్చుకుంటే వస్తుంది.

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు కలిసి చదివే ఒక డిగ్రీ తరగతిని ఉదాహరణగా తీసుకుందాం. అంశం సంస్కృతుల మధ్య సంభాషణ. జగిత్యాల గ్రూప్ గల్ఫ్‌లో వినిపించే మాటల గురించి, కోరుట్ల గ్రూప్ గల్ఫ్‌కూ ఇంటికీ మధ్య నడిచే ఫోన్ల గురించి, సిరిసిల్ల గ్రూప్ సాంచాల (మరమగ్గాల) దగ్గరి భాష గురించి మాట్లాడాయనుకుందాం. ఆ మూడూ విన్న విద్యార్థి కాగితం ఒక్కో మెట్టుగా ఎలా తయారవుతుందో చూద్దాం.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, రెండు రంగుల పెన్నులు, ప్రజెంటేషన్ ముగిసిన వెంటనే పది నిమిషాలు, అడిగితే జవాబు చెప్పే ఒక సహాధ్యాయి, మొదటి రాతకూ తుది రాతకూ మధ్య ఒక రాత్రి. వీటిలో ఎక్కువమంది వదిలేసేది ఆ పది నిమిషాలనే. కాగితం బలమంతా అక్కడే ఉంది.

మొదటి మెట్టు: వినకముందు మూడు వాక్యాలు

గ్రూప్ పేరు పిలవగానే, వాళ్లు మైకు సరిచేసుకునేలోపు, ఆ అంశం గురించి మీకు ఇప్పటికే తెలుసనుకుంటున్నది మూడు వాక్యాల్లో రాయండి. “దుబాయి పోయినోళ్లు పైసలు పంపుతరు. అక్కడ అరబ్బుల దగ్గర పని చేస్తరు. భాష రాకపోతే కష్టం.” తప్పో ఒప్పో ఇప్పుడు చూడకండి. వినకముందు ఎక్కడ నిలబడ్డారో గుర్తు లేకపోతే, విన్నాక ఎంత దూరం జరిగారో కొలవలేరు.

మన ప్రాంతంలో ఈ మెట్టు మరీ అవసరం. 1973లో చమురు ధరలు ఎగబాకాక గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు జోరందుకున్నాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వలసలు సాగాయి. తరగతిలో చాలామందికి మామయ్యో, బాబాయో, అన్నో అక్కడ ఉంటారు. కాబట్టి అందరికీ “ఇది మాకు తెలిసిందే” అనిపిస్తుంది. చెవి మూసుకుపోయేది అక్కడే.

రెండో మెట్టు: మూడు గళ్లు

వింటున్నప్పుడు పేజీని నిలువునా మూడు గళ్లుగా విడగొట్టండి. ఒకదానిలో విన్నది, రెండోదానిలో చూసినది, మూడోదానిలో మీకు అనిపించింది. మూడో గడికి వేరే రంగు పెన్ను వాడండి.

ఈ విడగొట్టడం ఎందుకో జగిత్యాల కోటనే అడగవచ్చు. కోట నక్షత్రం ఆకారంలో ఉంది. వెళ్తే ఎవరైనా చూడవచ్చు. దాన్ని కట్టిన ఇంజనీర్లు జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లని, వాళ్ల పేర్ల మీదుగానే ఊరికి జగిత్యాల అని పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. ఇది విన్న మాట. “అయితే మా ఊరు ఎప్పుడో విదేశాలతో చేయి కలిపిందన్నమాట” అని గర్వం కలిగితే అది మీకు అనిపించింది. మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే చదివేవారికి ఏది ఎంతవరకు నమ్మాలో తెలియదు. కొన్నాళ్లకు రాసినవారికీ తెలియదు.

విన్న గడిలో స్లైడు మీది వాక్యాలు ఎక్కించకండి. స్లైడు మళ్లీ దొరుకుతుంది. మనిషి నోటి నుంచి వచ్చిన మాటను వచ్చినట్టే రాయండి. జగిత్యాల గ్రూప్ చెప్పినప్పుడు ఆ గడిలో పడే మాటలు ఇలా ఉండవచ్చు.

మాఫీ: మనకు రుణమాఫీ ఉంది. మాఫీ అంటే కట్టక్కర్లేదని. గల్ఫ్ అరబ్బీలో ‘మా ఫీ’ అంటే లేదు అని. కొత్తగా పోయిన మనిషి జీతం అడిగితే “ఫులూస్ మాఫీ” అన్నారంటే, పైసలు లేవని అర్థం. మన చెవికి మాత్రం ఏదో మన్నించినట్టు వినిపిస్తుంది.

బల్దియా: జగిత్యాలలో మున్సిపాలిటీని బల్దియా అంటారు. అక్కడా మున్సిపాలిటీ బలదియానే. నిజాం కాలపు ఉర్దూ మీదుగా మనకు చేరిన అరబ్బీ మాట, విమానం దిగినవాడికి అక్కడి బోర్డు మీద మళ్లీ ఎదురవుతుంది.

కల్లివెల్లి: అక్కడ ‘ఖల్లీ వల్లీ’ అంటే పోనీ, వదిలెయ్ అని తేలిగ్గా అనే మాట. మన పల్లెల్లో “ఆయన కల్లివెల్లి అయిండు” అంటే కఫీల్‌ను (పనికి పెట్టుకున్న యజమానిని) విడిచి, అఖామా (నివాస అనుమతి పత్రం) లేకుండా, దొరికిన చోట పని చేసుకుంటూ పోలీసులకు కనబడకుండా తిరుగుతున్నాడని. అక్కడి అలవోక మాట ఇక్కడ ఒక ఇంటి దిగులుకు పేరైంది.

మూడో మెట్టు: కుదుపును పట్టుకోవడం

ప్రజెంటేషన్ ముగిశాక ఆ పది నిమిషాల్లో నోట్సు తిరగేయండి. ఎక్కడ కుదుపు తగిలింది? ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ సిగ్గేసింది, ఎక్కడ “అట్లెట్ల?” అనిపించింది? ఒక్కో గ్రూపు నుంచి ఒక్కో కుదుపు చాలు. వాటిలో ఒకదాన్నే లోతుగా రాయడానికి ఎంచుకోండి. మూడింటినీ సమానంగా రాయాలనుకుంటే ఏదీ లోతుకు వెళ్లదు.

వేదిక మీద జరిగినదాన్నీ వదలకండి. ఇంగ్లిష్ స్లైడు చదువుతున్నంతసేపూ తడబడిన అమ్మాయి, ప్రశ్న అడగగానే “మా నాయిన పోయినప్పుడు గిట్లనే అయ్యింది” అని తన మాటలో చెప్పడం మొదలుపెడితే గది మొత్తం నిశ్శబ్దమైందా? ఎవరైనా ఆ యాసకు నవ్వారా? నవ్వినవాళ్లలో మీరున్నారా? సంస్కృతుల మధ్య సంభాషణ అన్న అంశం స్లైడులో ఎంత ఉందో, ఆ బెంచీల మధ్య కూడా అంతే ఉంది.

నాలుగో మెట్టు: ఒక ప్రశ్న అడగడం

మీరు ఎంచుకున్న కుదుపు గురించి ఆ గ్రూపులో ఒకరిని అడగండి. “నేను ఇట్ల అర్థం చేసుకున్న, సరిగ్గనే ఉందా?” అన్న ప్రశ్న చాలు. వాళ్ల ఇంటి అప్పు, జీతం, కేసు లాంటివి తవ్వకండి. వాళ్లు చెప్పినా, అనుమతి లేకుండా కాగితం మీద పెట్టకండి. ఊరి పేరు, మనిషి పేరు లేకుండానే విషయం నిలుస్తుంది.

ఐదో మెట్టు: కొలబద్ద పెట్టి చూడటం

ఇప్పుడు సిద్ధాంతం కావాలి, ఉప్పంత. ఎడ్వర్డ్ టి. హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1959లో ‘ది సైలెంట్ లాంగ్వేజ్’ రాశారు. సంస్కృతుల మధ్య సంభాషణ అన్న చదువుకు పునాది వేసిన పుస్తకాల్లో అది ఒకటి. 1976లో ‘బియాండ్ కల్చర్’లో ఆయన రెండు రకాల సంభాషణలను వివరించారు. ఒకదానిలో చెప్పదలచుకున్నదంతా మాటల్లోనే ఉంటుంది. రెండోదానిలో సగం మాటలో ఉంటే, మిగతా సగం సందర్భంలో, బంధంలో, మౌనంలో ఉంటుంది.

కోరుట్ల గ్రూప్ చెప్పిన ఫోన్ సంగతి ఈ కొలబద్దకు సరిగ్గా అమరుతుంది. ఒకప్పుడు ఉత్తరాలు, గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు. ఇప్పుడు ఇమో యాప్‌లో వీడియో కాల్. సౌదీ, ఖతర్, కువైట్ గడియారాలు మనకన్నా రెండున్నర గంటలు, దుబాయి గడియారం గంటన్నర వెనక నడుస్తాయి. ఇక్కడ బీడీల చాట పక్కన పెట్టి ఇల్లాలు ఫోన్ ఎత్తేసరికి అక్కడ ఆయన ఇంకా డ్యూటీలో ఉండవచ్చు. కలిసినప్పుడు అటు నుంచి “తిన్నవా? అందరు మంచిగున్నరా?” ఇటు నుంచి “మంచిగనే ఉన్నం.” అత్తమ్మకు జ్వరమున్నా మంచిగనే. అక్కడ రెండు నెలల జీతం రాకపోయినా మంచిగనే. దూరాన ఉన్నవారికి బెంగ పెట్టొద్దని ఇద్దరూ దాస్తారు. దాస్తున్నారని ఇద్దరికీ తెలుసు. మాట చివర గొంతు ఎంత తగ్గిందన్న దాన్నిబట్టి అసలు సంగతి పోల్చుకుంటారు. హాల్ చెప్పిన మిగతా సగం ఇదే.

కొలబద్దను కర్రలా వాడకండి. గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల సర్వేల ఆధారంగా 1980లో ప్రచురించిన పుస్తకం, దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చింది. అవి సగటులు. సగటు ఎవరింటి తలుపూ తట్టదు. “అరబ్బులు ఇట్లనే ఉంటరు” అని రాసేముందు ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడి కార్మికుల క్యాంపు గదిలో మన మనిషి పక్క మంచం మీద పడుకునేది నేపాలీయో, బంగ్లాదేశీయో, పాకిస్తానీయో, బిహారీయో. అతను రోజూ నేర్చుకునే పరాయి సంస్కృతి ముందుగా వాళ్లదే.

ఆరో మెట్టు: రాయడం

గ్రాహమ్ గిబ్స్ 1988లో ఇచ్చిన చక్రంలో ఆరు భాగాలున్నాయి: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది మేలు ఏది లోటు, ఎందుకలా, ఏం తేలింది, ఇకమీదట ఏం చేస్తాను. పేరాల వరుసకు ఇది అక్కరకొస్తుంది. కొలత మాత్రం సమానంగా ఉండకూడదు. ‘ఏం జరిగింది’ నాలుగైదు వాక్యాలు దాటనివ్వకండి. ‘ఎందుకలా’ అన్నదానికి సగం కాగితం ఇవ్వండి.

సిరిసిల్ల గ్రూపును విన్న జగిత్యాల వైపు విద్యార్థి కాగితంలో అసలు భాగం ఇలా రావచ్చు:

“సిరిసిల్ల గ్రూప్ వాళ్లు ‘ఆసామికి కూలి గిట్టుబాటు కావట్లే’ అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో ఆసామి అంటే భూములున్న పెద్ద మనిషి. ఆయనకు కూలేంది అనుకున్నాను. తర్వాత అడిగితే చెప్పారు. సిరిసిల్లలో యజమాని నూలు ఇస్తాడు. కొన్ని సాంచాలున్న ఆసామి దాన్ని గుడ్డ నేయించి తిరిగి ఇచ్చి కూలి తీసుకుంటాడు. అందులోంచే కార్మికుడికి ఇస్తాడు. అంటే ఆసామి కూడా ఒక రకంగా కూలి మీద బతికేవాడే. భీవండి, సోలాపూర్, సూరత్‌లకు వాళ్లు ఎందుకు వలస పోయారో, 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల పని మొదలైనప్పుడు వాళ్లకు ఎందుకంత ఊరట కలిగిందో నాకు అప్పుడు అర్థమైంది. నేను ఎందుకు నవ్వాను? అరబ్బీ మాటల దగ్గర నేను జాగ్రత్తగా విన్నాను, ఎందుకంటే అది నాకు రాని భాష. ఆసామి నాకు వచ్చిన మాట. వచ్చిన మాట దగ్గర వినడం మానేశాను.”

చివరి మూడు వాక్యాల కోసమే మిగతాదంతా. ఇందులో ‘చాలా ముఖ్యం’, ‘ఎంతో ఉపయోగకరం’ లేవు. ఒక మాట ఉంది, ఒక తప్పు ఉంది, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో ఉంది. పరాయి భాష ముందు మనం చెవులు రిక్కిస్తాం. సొంత భాషలోని ఎడం మనకు కనబడదు. ఈ మూడు ఊళ్ల పిల్లలు ఒకరినొకరు వినడంలో ఉన్న అసలు కష్టం, అసలు లాభం ఇక్కడే ఉన్నాయి.

ఏడో మెట్టు: ఒక రాత్రి ఆగి వడపోయడం

మర్నాడు పొద్దున నాలుగు ప్రశ్నలతో చదవండి. పేరు తీసేస్తే ఈ కాగితం ఎవరిదైనా కావచ్చా? అయితే మీ కుదుపు ఇంకా కాగితం మీదికి రాలేదు. గ్రూపు వాళ్లకు చదివి వినిపించగలరా? వాళ్లు నొచ్చుకుంటారనిపించిన చోట తీర్పు ఉంది, దాన్ని ప్రశ్నగా మార్చండి. వాళ్ల మాటలను పుస్తకాల తెలుగులోకి దిద్దేశారా? ‘పైలం’ అన్నచోట ‘జాగ్రత్త’ అని మార్చకండి. విమానం ఎక్కే కొడుక్కి తల్లి “పైలం బిడ్డా” అన్నదాన్ని వేరే మాటలో పెడితే తల్లి ఉండదు.

నాలుగో ప్రశ్న: ‘ఇకమీదట ఏం చేస్తాను’ దగ్గర ఈ వారంలో చేయగలిగింది రాశారా? “అన్ని సంస్కృతులను గౌరవిస్తాను” అన్న వాక్యాన్ని ఎవరూ పరీక్షించలేరు. కోరుట్ల గ్రూపును విన్న విద్యార్థి ఇలా రాస్తే మాత్రం తేలిపోతుంది: “మా అన్న శుక్రవారం ఫోన్ చేస్తాడు. ఎప్పటిలాగా మంచిగున్నవా అని అడగను. పొద్దున ఏం వండుకున్నవు, రాత్రి ఎంతసేపు పడుకున్నవు అని అడుగుతాను.”

శుక్రవారం ఫోన్ మోగుతుంది. అడగండి. అటువైపు కాసేపు మౌనం రావచ్చు. తొందరపడి నింపకండి. వచ్చిన జవాబును నోటు పుస్తకంలో, విన్న గడిలో, వచ్చినట్టే రాసుకోండి.