మోకాలి గాయం: ఎక్స్‌రే చెప్పేది, చెప్పనిది



వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మాకు వెంటనే గుర్తుకొచ్చింది మోకాలు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. మేము డాక్టర్లం కాదు. అయినా మేము చదివిన పాఠం మా గదిమిత్రుని మోకాలి దగ్గర ఎలా పనికివచ్చిందో, ముందే తెలిసి ఉంటే ఇంకెంత పనికివచ్చేదో చెప్పాలని ఈ చిన్న ప్రయత్నం.

అసలు ఏం జరిగింది?

మేము ఇంటర్ చదివే రోజుల్లో హాస్టళ్ల మధ్య కబడ్డీ పోటీలు జరిగాయి. మా జట్టులో కూతకు వెళ్లే మిత్రుడు పట్టు తప్పించుకోబోయి ఒళ్లు గిర్రున తిప్పాడు. పాదం నేలలోనే నిలిచిపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. మరుసటి రోజుకు వాపు వచ్చింది. ఎక్స్‌రే తీయించాం. "ఎముకలు బాగానే ఉన్నాయి" అన్నారు. ఆ మాటను మేము "మోకాలికి ఏమీ కాలేదు" అని అర్థం చేసుకున్నాం. పది రోజుల తర్వాత కూడా కుంటుతుంటే "ఎక్స్‌రే నార్మల్ కదా, నాటకాలెందుకురా" అని నవ్వింది మేమే. వాడు సిగ్గుపడి మళ్లీ ఆటలోకి దిగాడు.

నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి మెస్సులో కింద కూర్చుని అన్నం తిని లేవబోతే మోకాలు బిగుసుకుపోయింది. కాలు చాపలేకపోయాడు. పెద్దాసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీస్తే మెనిస్కస్ చిరిగిందనీ, దాని పక్కన గుజ్జు పొర లోతుగా దెబ్బతిన్నదనీ తేలింది.

ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు. ఎముక గురించి అడిగితే ఎముక గురించే చెప్పింది. దాన్ని మొత్తం మోకాలికి జవాబుగా తీసుకోవడమే మేము చేసిన తప్పు.

గుజ్జు అంటే ఏమిటి?

మన ఇళ్లలో అమ్మలు, నాయనమ్మలు "మోకాళ్లలో గుజ్జు అరిగింది" అంటుంటారు. ఆ గుజ్జునే మన జీవశాస్త్ర పుస్తకంలో మృదులాస్థి అన్నారు. తొడ ఎముక, కాలి ఎముక, మోకాటి చిప్ప ఒకదానికొకటి ఆనే చోట నున్నటి తెల్లని పొరలా ఉంటుంది. మందం కొద్ది మిల్లీమీటర్లే. దాని బరువులో ఎక్కువ భాగం నీరే. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో మరో రెండు మెత్తలు ఉంటాయి. వాటినే మెనిస్కస్‌లు అంటారు. శరీరం బరువును పంచి మోసేవి ఇవే.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఎముక చివరి గుజ్జు పొరలో రక్తనాళాలు లేవు, కనుక గాయపడితే సరిగా మానదు. అందులో నరాలు కూడా లేవు, కనుక ఆ పొర తనంతట తాను నొప్పి చెప్పదు. నొప్పి, వాపు చుట్టుపక్కల నుంచి వస్తాయి. గాయం చిన్నదిగా ఉన్నప్పుడు మనకు తెలియకుండా పోవడానికి ఇదొక కారణం.

ఎక్స్‌రే ఎందుకు చూపలేదు?

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఎముకలోని కాల్షియం ఈ కిరణాలను బాగా అడ్డుకుంటుంది కనుక ఫిల్ముపై ఎముక తెల్లగా పడుతుంది. గుజ్జులో అంత కాల్షియం లేదు. కిరణాలు దాదాపు అడ్డు లేకుండా దాటిపోతాయి.

మోకాలి ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూడండి. రెండు ఎముకల మధ్య నల్లని సందు కనిపిస్తుంది. అది ఖాళీ కాదు, గుజ్జు, మెనిస్కస్ ఉన్న చోటు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఆ సందు తగ్గితే గుజ్జు అరిగిందని డాక్టర్లు ఊహిస్తారు. కానీ అది చాలాకాలం అరిగిన తర్వాతి మాట. నిన్న మొన్న తగిలిన చిన్న గాయం అందులో కనిపించదు.

అలాగని ఎక్స్‌రే వృథా కాదు. ఎముక విరిగిందా లేదా అనేది ముందుగా తేల్చేది అదే. సి.టి. స్కాన్ ఎముక పగుళ్లను ఇంకా వివరంగా చూపుతుంది. అల్ట్రాసౌండ్ కీలులో చేరిన నీటిని చూపగలదు గానీ, ధ్వని తరంగాలు ఎముకను దాటలేవు కనుక లోపలి గుజ్జును పూర్తిగా చూపలేదు.

ఎం.ఆర్.ఐ. ఎలా చూస్తుంది?

ఇది మా పాఠం. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. వాటి కేంద్రకాలు చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. ఈ సంగతిని 1946లో బ్లాక్, పర్సెల్ అనే శాస్త్రవేత్తలు వేర్వేరుగా ప్రయోగంలో చూపారు. 1973లో లాటర్‌బర్ దీనితో బొమ్మ తీయవచ్చని నిరూపించాడు. ఆయనకూ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే యంత్రం 1.5 టెస్లాలది. భూమి అయస్కాంత క్షేత్రం కంటే సుమారు 30,000 రెట్లు బలమైనది. ఆ క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు దాదాపు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు స్పందిస్తాయి. మనం గదిలో వినే ఎఫ్.ఎం. స్టేషన్లు 88 దగ్గర మొదలవుతాయి. అంటే యంత్రం రేడియోలా పలకరిస్తే, మన ఒంట్లోని నీరే జవాబిస్తుంది. ఎక్కడ ఎంత నీరుందో, అది ఎలా పట్టి ఉందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఎక్కువ భాగం నీరే అయిన గుజ్జు ఇక్కడ దాక్కోలేదు.

మోకాలికి ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో ఎముకలోని కొవ్వును అణచి బొమ్మ తీస్తారు. అందులో కీలులోని నీరు తెల్లగా, గుజ్జు బూడిద రంగు పట్టీలా, మెనిస్కస్ నల్లని త్రికోణంలా కనిపిస్తాయి. నల్లని త్రికోణంలో అంచు దాకా తెల్లని గీత ఉంటే అది చిరుగు. బూడిద పట్టీలో తెల్లని గుంట ఉంటే అక్కడ గుజ్జు లేచిపోయిందన్నమాట. లోతును బట్టి 1 నుంచి 4 వరకు దశలు చెబుతారు. సగం లోతు లోపు అయితే 2, సగం దాటితే 3, ఎముక బయటపడితే 4. మా మిత్రునిది 3.

ఎం.ఆర్.ఐ. అందరికీ అవసరమా?

అవసరం లేదు. అది ఖరీదైన పరీక్ష. పైగా పైపైన ఉన్న చిన్న గాయాలు కొన్ని అందులోనూ తప్పిపోతాయి. చిన్న రంధ్రం గుండా గొట్టం పంపి నేరుగా చూసే ఆర్థ్రోస్కోపీలో అవి బయటపడవచ్చు. ఇంకోవైపు, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 ఏళ్లు దాటినవారిపై చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మెనిస్కస్ చిరుగు కనిపించినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాటి బాధే లేదు. కనుక బొమ్మ ఒక్కటే రోగం కాదు. డాక్టరు చేత్తో మోకాలిని వంచి, తిప్పి చూసిన తర్వాతే ఏ బొమ్మ కావాలో తేలుతుంది.

తమ్ముళ్లు గుర్తుంచుకోవలసినవి

1. దెబ్బ తగిలిన వెంటనే ఆట ఆపాలి. బట్టలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తుమీద ఉంచాలి. గట్టిగా లాగించుకోవడం, నూనెతో నలిపించుకోవడం వద్దు.
2. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.
3. గాయం ఎలా జరిగింది, వాపు గంటల్లో వచ్చిందా మరునాడు వచ్చిందా, మోకాలు బిగుస్తోందా, జారినట్టు ఉంటోందా, ఇవన్నీ డాక్టరుకు చెప్పాలి.
4. ఎక్స్‌రే బాగున్నా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే మళ్లీ వెళ్లి "ఎముక కాకుండా ఇంకేమైనా దెబ్బతిన్నదా సార్?" అని అడగాలి. అడగడం తప్పు కాదు.
5. ఎం.ఆర్.ఐ.కి రేడియేషన్ భయం లేదు. కానీ ఒంట్లో లోహపు ముక్క, గుండెకు పేస్‌మేకర్ వంటివి ఉంటే ముందే చెప్పి తీరాలి.

మా మిత్రునికి ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు నడుస్తున్నాడు, సైకిల్ తొక్కుతున్నాడు. కానిస్టేబుల్ పరుగుకు మాత్రం వెళ్లలేకపోయాడు. ఆ ఉద్యోగం కోసమే వాడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి మైదానం చుట్టూ పరుగెత్తేవాడు. ఆ నాలుగు నెలలు ఆడకుండా ఉంటే ఏమయ్యేదో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ "నాటకాలెందుకురా" అన్న మాట మాత్రం మాది. ఈ వ్యాసం రాస్తున్నామని చెబితే వాడు నవ్వి, "తమ్ముళ్లకు ఆ మాట కూడా రాయండి" అన్నాడు. అందుకే రాశాం.

పక్క మంచం మీద తమ్ముడు నొప్పి అంటే నమ్మండి. ఎక్స్‌రేలో కనిపించని నొప్పి కూడా నొప్పే.