బొంగురు తగినంత

హైదరాబాద్‌లో సత్యసాయి నిగమాగమం దాటి శ్రీనగర్ కాలనీ లోపలి వీధుల్లోకి వెళ్తే, కింద ప్రొడక్షన్ ఆఫీసు, పైన రికార్డింగ్ గది ఉన్న ఇళ్లు తగులుతాయి. అలాంటి ఓ రెండో అంతస్తులో మధ్యాహ్నం మూడింటికి పని మొదలవుతుంది. కావలసింది రెండో చరణానికి ముందు వచ్చే ఎనిమిది బార్ల గిటారు బిట్. డప్పులు, బేస్, కీబోర్డు అప్పటికే పడ్డాయి. ట్రాక్ సింగర్ గొంతూ ఉంది. వాటి మధ్య గిటారు బొంగురుగా, కోపంగా పలకాలి. ఎంత బొంగురన్నదే ఈ పూట తేలాలి.

గిటారిస్టు ముందుగా తీగలు మారుస్తాడు. పది నుంచి నలభై ఆరు గేజు సెట్టు, ఆరేడు వందల రూపాయలు. బిగించాక ఒక్కో తీగనీ వేళ్లతో పైకి లాగి సాగదీస్తాడు, శ్రుతి చేస్తాడు, మళ్లీ లాగుతాడు. ఇలా మూడుసార్లు. మామూలుగా వాయిస్తే వెంట్రుకవాసి అపశ్రుతి దాగిపోతుంది. శబ్దాన్ని బొంగురు చేసే డిస్టార్షన్ దాన్ని పట్టిచ్చేస్తుంది.

తర్వాత పికప్. అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన ఈ చిన్న పెట్టె, తీగ కదలికను కరెంటుగా మారుస్తుంది. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ అయితే గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమనడాన్ని కూడా పట్టుకుంటుంది. హంబకర్‌లో రెండు చుట్టలు ఎదురెదురుగా పనిచేసి ఆ గుయ్‌ని చెరిపేస్తాయి. ఇక్కడ బ్రిడ్జి వైపు హంబకర్ వాడుతున్నారు. బయటికొచ్చే సిగ్నల్ గట్టిగా మీటినా కొన్ని వందల మిల్లీవోల్టులు. ఈ పూట ముడిసరుకు అదే.

ఇప్పుడు పెడళ్లు. కాలితో నొక్కే ఈ లోహపు డబ్బాల పని సూత్రం ఒక్కటే: అలను పెంచు, హద్దు దాటిన కొసల్ని కత్తిరించు. దీన్నే క్లిప్పింగ్ అంటారు. 1960ల మొదట్లో అమెరికన్ గాయకుడు మార్టీ రాబిన్స్ పాట నాష్‌విల్‌లో రికార్డవుతుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక చానల్ పాడై, గిటారిస్టు గ్రేడీ మార్టిన్ వాయిద్యం బొంగురుపోయింది. ఆ పాడైన శబ్దాన్ని కావాలని తెప్పించే పెడల్, మాస్ట్రో ఫజ్‌టోన్, 1962లో అమ్మకానికొచ్చింది.

మొదట ఆకుపచ్చ డబ్బా, ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్. ఇది ఓవర్‌డ్రైవ్. కత్తిరించే డయోడ్లు యాంప్లిఫైయర్ చిప్ ఫీడ్‌బ్యాక్ దారిలోనే ఉంటాయి కాబట్టి కొసలు చదునుగా తెగవు, గుండ్రంగా అణుగుతాయి. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలుకుతుంది. డ్రైవ్ నాబ్ అడుగునున్నా సిగ్నల్‌ని సుమారు 12 రెట్లు, చివరిదాకా తిప్పితే సుమారు 118 రెట్లు పెంచుతుంది. 720 హెర్ట్జ్ కిందినుంచి గరుకు పలచబడుతుంది. అందుకే బేస్‌కి అడ్డం రాదు.

రెండోది నారింజ రంగు బాస్ డీఎస్-1, 1978 నాటి డిజైన్. ఇది డిస్టార్షన్. పెంచడం పూర్తయ్యాక, దారి పక్కన గ్రౌండుకి కట్టిన డయోడ్లు సుమారు 0.6 వోల్టు దగ్గర అలను చదునుగా కోసేస్తాయి. మెల్లగా మీటినా గరగరే. కొత్తవి కొంటే ఇలాంటి పెడళ్లు మోడల్‌ని బట్టి ఏడెనిమిది వేల నుంచి పదిహేను వేల దాకా ఉంటాయి. లోపల ఆ కోతపని చేసే డయోడ్ మాత్రం కోఠీ గుజరాతీ గల్లీలో రూపాయో రెండో.

మూడోది జెర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్. గది 24 డిగ్రీల దగ్గరుంటే బాగానే పలుకుతుంది. అదే మే నెలలో ఏసీ ఆగిన గదిలో దాని లెక్క తప్పుతుంది, ఎందుకంటే జెర్మేనియం స్వభావం వేడితో మారిపోతుంది. పైగా రెండు స్వరాలు కలిపితే ముద్దవుతోంది. దాన్ని పక్కన పెట్టేస్తారు.

నాలుగున్నరకి పోలిక. సౌండ్ ఇంజినీర్ ముందు మీటరు చూసి పెడళ్ల లెవల్ సమానం చేస్తాడు. కాస్త గట్టిగా వినిపించేదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, అది మోసం. ఏది ఏదో చెప్పకుండా ఒక్కొక్కటీ వినిపిస్తాడు. గిటారిస్టు డీఎస్-1నే ఎంచుకుంటాడు, డిస్టార్షన్ నాబ్ రెండు గంటల మీద. నాబ్ స్థానాన్ని గడియారం ముల్లులా చెప్పడం ఈ పనిలో వాడుక. గది దద్దరిల్లుతుంది.

"అన్నా, ఒక్కటే వింటే అదిరింది. పాటలో ఏదీ?" అంటూ ఇంజినీర్ ట్రాక్ వదులుతాడు. నిజమే, గిటారు డప్పుల వెనక ఇసుకలా రాలిపోతోంది. కోత ఎక్కువైతే మీటు దెబ్బకీ దాని మోతకీ తేడా పోతుంది, లయ చదునైపోతుంది. గిటారిస్టు నాబ్ వెనక్కి తిప్పుతాడు. ఒంటిగంట, పన్నెండు, పదకొండు. పది దగ్గర దెబ్బ తేలుతుంది, కానీ కోపం తగ్గింది. అప్పుడు ఆకుపచ్చ డబ్బాని దాని ముందు పెడతాడు: డ్రైవ్ అడుగుకి, లెవల్ రెండు గంటలకి. గరుకు పెద్దగా పెరగదు. అడుగు బిగుస్తుంది, నడిమి గొంతు ముందుకొస్తుంది.

ఇక వాయించే పద్ధతి. గాంధారం తీసేసి షడ్జమం, పంచమం మాత్రమే ఉంచుతాడు. డిస్టార్షన్ రెండు స్వరాల మధ్య తేడాని కూడా స్వరంగా పలికిస్తుంది. స, ప 100, 150 హెర్ట్జ్ అనుకుంటే తేడా 50, అంటే కింది స. గిటారు మెట్ల మీది అంతర గాంధారమేమో శుద్ధ నిష్పత్తికి 14 సెంట్లు ఎక్కువ. ఆ కాస్తా ఇక్కడ కొట్టుకుంటుంది.

గిటారు యాంప్ స్పీకర్ గుడ్డకి అంగుళం దూరంలో, కోన్ మధ్య నుంచి కాస్త పక్కకి, షూర్ ఎస్ఎం57 మైకు నిలబెడతారు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. పెడల్ తగలని పచ్చి సిగ్నల్ కూడా వేరే ట్రాకులో పడుతుంది. రేపు మనసు మారితే అక్కరకొస్తుంది. ఐదో టేక్ ఖాయమవుతుంది. అదే బిట్ మళ్లీ మొదటినుంచి వాయిస్తాడు, కాపీ కాదు. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. రెంటి మధ్య ఖాళీలో గొంతు కూర్చుంటుంది.

ఆరూ ఇరవై. మార్పులు చెబుతూ రేపు ఫోనొస్తే ఇదే శబ్దం మళ్లీ రావాలి. గిటారిస్టు వంగి నాబ్‌లని ఫోన్లో ఫొటో తీసుకుంటాడు. ఆ తర్వాతే ప్లగ్ పీకుతాడు.